మన చీటీ, మన గుట్టు

మడకశిర సంతలో బొరుగులు కొన్నాను. పొట్లం విప్పితే ఎవరో ఒకామె రక్తపరీక్ష కాగితం! పేరు, ఊరు, రోగం అన్నీ ఉన్నాయి. చదవను వచ్చిన వాళ్లెవరైనా చదవొచ్చు. ఇంటికొచ్చి పొయ్యిలో వేసేశాను.

ఇదివరకు మన చీటీ ఎవరో చదివి చెప్పాల్సిందే. చదివినామె బోరింగు కాడ ఇంకో నలుగురికి చెప్పేది. ఇప్పుడు మీరే చదువుకుంటారు కదా అక్కా!

రోగి గుట్టు డాక్టరు బయటపెట్టకూడదు. కోర్టు అడిగితేనో, అంటురోగం సంగతి అధికారులకు తెలపాల్సి వస్తేనో తప్ప. ఇది 2002 నాటి వైద్యుల నియమం. హెచ్.ఐ.వి. విషయంలో 2017 చట్టం ఇంకా గట్టిది. రోగి ఒప్పుకుని రాసివ్వాలి. చట్టం చెప్పిన కొన్ని సందర్భాలే వేరు. మొగుడికి ఆ రోగముంటే పెళ్లానికి చెప్పే దారి మాత్రం చట్టంలోనే పెట్టారు. అది మంచి పనే.

ఆస్పత్రిలో పడుకుని వైద్యం చేయించుకుంటే ఆ కాగితాలు 3 ఏళ్లు దాచాలి. మనం అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. అడగడానికి జంకొద్దు.

ఇక మన ఇంట్లో? చూరులో చెక్కితే చెదలు తింటాయి, వాన తడుపుతుంది. ప్లాస్టిక్ సంచిలో చుట్టి ట్రంకుపెట్టెలో పెట్టండి. గర్భిణి కార్డు, పిల్లల టీకాల కార్డు కూడా అందులోనే. అక్కరలేని చీటీ అయితే పేరున్న ముక్క చింపి కాల్చేయండి. బొరుగుల అంగడికి మాత్రం ఇవ్వొద్దు.