బస్తర్ సరుకుకు అందని గోదావరి బాట

ఇంద్రావతి, శబరి వంటి నదులు పారుతున్నా బస్తర్‌కు చెప్పుకోదగ్గ సరుకుల రేవు లేదు. బైలదిల్లా గనుల ఇనుప ఖనిజం 1960లలో నిర్మించిన కొత్తవలస-కిరండూల్ రైలుమార్గం ద్వారా తూర్పు కనుమలు దాటి విశాఖపట్నం చేరుతోంది. టగ్గులు భారీ నౌకలను బెర్తులకు చేర్చే విశాఖ ఓడరేవే ఆచరణలో బస్తర్‌కు రేవు. అయితే ఈ ప్రాంతపు అంచునే జలమార్గాన్ని తెరవాలన్న ప్రయత్నం ఒకటిన్నర శతాబ్దం క్రితమే జరిగింది.

ధవళేశ్వరం ఆనకట్ట నిర్మాత సర్ ఆర్థర్ కాటన్ నదీ రవాణాకు గట్టి సమర్థకుడు. మధ్య భారతంలో పండే పత్తిని గోదావరి మీదుగా కోస్తా రేవులకు చేర్చాలన్నది నాటి పథకం. మూడుచోట్ల రాతి అవరోధాలు అడ్డు నిలిచాయి. మొదటిది దుమ్ముగూడెం వద్ద, రెండోది ఇంద్రావతి సంగమానికి చేరువలోని ఇచ్చంపల్లి వద్ద, మూడోది ప్రాణహితపై ఉన్నాయి. 1867లో నాగపూర్‌కు రైలు వచ్చింది. 1871లో జలమార్గం పనులకు స్వస్తి పలికారు. దుమ్ముగూడెం ఆనకట్ట ఆ ప్రయత్నానికి గుర్తుగా మిగిలింది.

చట్టంలో ఉంది, నదిలో లేదు

భద్రాచలం-రాజమండ్రి మధ్య 171 కిలోమీటర్ల గోదావరిని 2008లో నాలుగో జాతీయ జలమార్గంలో చేర్చారు. 2016 నాటి చట్టం దీనిని ఎగువన నాసిక్ వరకు పొడిగించింది. ఆ లెక్కన జలమార్గం బస్తర్ గుమ్మం ముందునుంచే సాగుతోంది. అయితే 500 టన్నుల బార్జీలు తిరిగే మూడో తరగతి మార్గానికి కనీసం 1.7 మీటర్ల లోతు కావాలి. వేసవిలో రాళ్లు, ఇసుక మేటలు తేలే నదిలో అంత లోతు నిలపడం సులభం కాదు. ఇంద్రావతిపై ఆ ఆశకూ తావు లేదు. చిత్రకోట వద్ద నది దాదాపు 29 మీటర్ల ఎత్తునుంచి దూకుతుంది. ఆ నదిని దాటే పల్లెవాసులకు నేటికీ అనేకచోట్ల నాటుపడవలే ఆధారం.

లోతు వస్తే ముంపు

పోలవరం ప్రాజెక్టు లక్ష్యాలలో జలరవాణా కూడా ఒకటి. 150 అడుగుల మట్టానికి నీరు నిలిపితే ఎగువన లోతు పెరుగుతుంది. కాని కూనవరం వద్ద గోదావరిలో కలిసే శబరి వెంట ఆ నీరు వెనక్కు ఎగదన్ని సుక్మా జిల్లాలోని కొంటా ప్రాంతాన్ని ముంచుతుందన్నది ఛత్తీస్‌గఢ్ ఆందోళన. తెలుగు, దోర్లీ మాట్లాడే కుటుంబాలు నివసించే ప్రాంతమిది. ముంపు అంశంపై ఒడిశా, ఛత్తీస్‌గఢ్ సుప్రీంకోర్టును ఆశ్రయించాయి.

బార్జీని తేల్చే నీరే ఊరిని ముంచే నీరు కావడం ఇక్కడి చిక్కు. గోదావరి బాట ఎప్పటికైనా తెరుచుకున్నా, దాని లాభం కోస్తాకు, నష్టం కొంటాకు మిగిలితే అది అభివృద్ధి అనిపించుకోదు. రేవుకు స్థలం వెతికేముందు ముంపు గీత ఎక్కడో తేల్చడం, నిర్వాసితులకు న్యాయం చేయడం అవసరం.