పడేసేవాడే పట్టుకోవాలి

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా బడి వెనక వేపచెట్టు కింద ఏం జరుగుతుందో మాకు చాలాకాలం తెలియలేదు. పోయిన ఏడాది ఏడో తరగతి పిల్లవాడొకడు మణికట్టు విరగ్గొట్టుకున్నాక తెలిసింది. ఫోనులో చూసిన కుస్తీ పట్లు సాధన చేస్తున్నారట. ఎత్తినవాడు ఎత్తాడు, దించడం తెలియక వదిలేశాడు. మర్నాడు ఇద్దరి తండ్రులూ బడికి వచ్చారు. ‘‘అదంతా ఉత్త నాటకమే కదా సార్, ఆ అబద్ధం కోసం చెయ్యి విరగ్గొట్టుకున్నాడు’’ అని ఒకాయన బాధపడ్డారు.

ఆ మాటకు మేము వెంటనే తలూపలేకపోయాం. మేమూ తొంభైల్లో ట్రంప్ కార్డులు చూసి ఆ మల్లుల ఎత్తూ బరువూ బట్టీపట్టిన పిల్లలమే. ఎక్కాలు రాకపోయినా అవి వచ్చేవి. గులాబీ, నలుపు రంగుల దుస్తుల్లో ఉండే బ్రెట్ హార్ట్ మాకు ఇష్టమే గానీ, బరువు పందెంలో ఆయన కార్డు యోకోజునా కార్డు ముందు నిలిచేది కాదు. ఆయన గొప్పతనం ఎక్కడుందో కార్డు మీద అచ్చయ్యేది కాదని ఇప్పుడు అర్థమవుతోంది.

నాటకమన్న మాటలో సగం నిజం. ఆ పోటీల్లో ఎవరు గెలవాలో ముందే నిర్ణయమైపోతుంది. కానీ మన ఊళ్లలో భారత ఉత్సవాలు చూసినవారికి ఒక సంగతి తెలుసు. దుర్యోధన వధ రోజు ఎవరు పడిపోతారో అందరికీ తెలిసే తెల్లవారకముందే వెళ్లి కూర్చుంటాం. భీముడి వేషగాడు గద ఎత్తితే గుండె ఝల్లుమనాలి, దించితే ఎదుటివాడి తొడ విరగకూడదు. ఈ రెండూ ఒక్కడే చేయాలి. బ్రెట్ హార్ట్ వృత్తి కూడా అదే. తేడా ఏమిటంటే, అక్కడ నిజంగానే మనిషిని ఎత్తి నేలకు వేస్తారు.

ఆయన 1957లో కెనడాలోని కాల్గరీలో పుట్టాడు. పన్నెండు మంది సంతానంలో ఎనిమిదోవాడు. తండ్రి స్టూ హార్ట్ కుస్తీ వస్తాదు, పోటీల నిర్వాహకుడు. ఇంటి నేలమాళిగే తాలింఖానా. దాన్ని ‘డంజన్’ అనేవారు, అంటే చీకటికొట్టు. కొత్తగా వచ్చినవాళ్లు పెద్దాయన పట్టులో చిక్కి పెట్టే కేకలు పైన ఇంట్లోకి వినిపించేవట. బ్రెట్ బడిలో ఉన్నప్పుడు అసలు సిసలు కుస్తీ పోటీల్లో పాల్గొన్నాడు. వృత్తి మెళకువలు నేర్పింది మాత్రం తండ్రి దగ్గర పనిచేసిన ఇద్దరు జపాన్ మల్లులు. ఈ విద్యలో మొదటి పాఠం కొట్టడం కాదు, పడటం. గడ్డం ఛాతీకి ఆనించి, వీపంతా ఒకేసారి నేలకు తాకేలా, చేతులతో నేలను చరుస్తూ పడాలి. తర్వాత ఎదుటివాణ్ణి అలా పడేయడం. తల ఎక్కడుందో చూసుకోవలసింది ఎత్తినవాడే, ఎందుకంటే గాల్లో ఉన్నవాడి ప్రాణం అప్పుడు వాడి చేతుల్లో ఉంటుంది.

1984లో అమెరికా కంపెనీ డబ్ల్యూడబ్ల్యూఎఫ్‌లో చేరాక చాలా ఏళ్లు జంట పోటీలకే పరిమితమయ్యాడు. అది భారీకాయుల కాలం. ఈయన మెల్లగా పైకొచ్చి 1992 అక్టోబరులో రిక్ ఫ్లెయిర్‌ను ఓడించి ఛాంపియన్ అయ్యాడు.

మేము చెప్పాలనుకున్నది అంతకు రెండు నెలల ముందు సంగతి. లండన్‌లోని వెంబ్లీ స్టేడియం, ఎనభై వేలకు పైగా జనం. ఎదురుగా డేవీ బాయ్ స్మిత్, బ్రెట్ చెల్లెలి భర్త, ఇంగ్లండు మనిషి. సొంతగడ్డ మీద అతనే గెలవాలని నిర్ణయమైంది. బరిలోకి దిగాక అతనికి అనుకున్నదంతా మరుపుకొచ్చింది. బ్రెట్ తన ఆత్మకథలో రాసుకున్న ప్రకారం, ఆ పోటీ మొత్తం పట్టు వెనక పట్టు చెవిలో చెబుతూ నడిపించాడు. ఓడిపోవలసిన మనిషి, గెలవాల్సినవాణ్ణి చెయ్యిపట్టుకుని గెలుపు దాకా తీసుకెళ్లాడు. ఆ వీడియోను మేము ఈమధ్య మళ్లీ చూశాం. తెలిసి చూసినా ఆ గుసగుసలు కనిపెట్టడం కష్టం. ఎంతోమంది ఈనాటికీ ఆయన ఉత్తమ పోటీల్లో దాన్ని లెక్కిస్తారు. ఓడిన పోటీ!

1994లో న్యూయార్క్‌లో సొంత తమ్ముడు ఓవెన్ చేతిలోనూ అంత అందంగానే ఓడి, అదే రాత్రి యోకోజునాను ఓడించి ఛాంపియన్‌షిప్ గెలిచాడు. 1997లో మాంట్రియల్‌లో యజమాని విన్స్ మెక్‌మాన్ మాట తప్పి, ఆయన లొంగకుండానే గంట కొట్టించి ఓడినట్టు ప్రకటించిన గొడవ జగమెరిగినదే. దాని గురించి ఇప్పటికే చాలామంది రాశారు.

తన చేతిలో ఏ ప్రత్యర్థీ తీవ్రంగా గాయపడలేదని బ్రెట్ ఎన్నోసార్లు చెప్పుకున్నాడు. ఛాంపియన్‌షిప్‌ల కంటే అదే ఆయనకు గర్వం. అదేమంత చిన్న విషయం కాదు. అదే ఇంట్లో అదే శిక్షణ పొందిన ఓవెన్, 1997 ఆగస్టులో స్టీవ్ ఆస్టిన్‌ను తలకిందులుగా దించేటప్పుడు ఒక్క లెక్క తప్పడంతో ఆస్టిన్ మెడకు పెద్ద గాయమైంది. ఆ ఓవెనే 1999 మేలో కాన్సాస్ సిటీలో, పైకప్పు నుంచి తాళ్లతో దిగుతుండగా పడి చనిపోయాడు. పోటీ ఇంకా మొదలవనేలేదు.

అదే ఏడాది డిసెంబరు 19న గోల్డ్‌బర్గ్ తన్నిన తన్ను అదుపు తప్పి బ్రెట్ తలకు తగిలింది. మెదడు దెబ్బతింది. అయినా ఆట ఆపలేదు, ఆ తర్వాత కొన్ని వారాలు బరిలోకి దిగుతూనే ఉన్నాడు. ఇక్కడ మాత్రం ఆయన్ని పిల్లలకు ఆదర్శంగా చూపించలేం. తలకు దెబ్బ తగిలాక ‘ఏం కాలేదు సార్’ అనే పిల్లవాడి మాట నమ్మకూడదని మాకు ఆట స్థలం నేర్పింది. 2000లో ఆయన ఆట ముగిసింది. 2002లో సైకిలు మీద నుంచి పడి, పక్షవాతం వచ్చి, ఎడమ పక్కంతా పడిపోతే నెలల తరబడి సాధన చేసి మళ్లీ నడిచాడు.

ఈ కథంతా ఏడో తరగతికి చెప్పాం. మణికట్టుకు కట్టుతో ఉన్నవాడు ముందు బెంచీలోనే కూర్చున్నాడు. ‘‘ఓడిపోయేవాడికి కూడా జీతం ఇస్తారా సార్?’’ అని అడిగాడు. ఇస్తారని చెప్పాం. ఎత్తి పడేసినవాడు ఏమీ అడగలేదు గానీ, ఆ సాయంత్రం వాడి సంచీ కూడా తానే మోసుకెళ్లాడు.

వేపచెట్టు కింద కుస్తీ ఇప్పుడు నిషిద్ధం. బదులుగా శనివారం పూట వ్యాయామ ఉపాధ్యాయుడు వరండాలో రెండు పాత పరుపులు పరుస్తున్నారు. ఎత్తడం ఇంకా మొదలుపెట్టలేదు. నెల రోజులుగా పడటమే నేర్పుతున్నారు. గడ్డం ఛాతీకి ఆనించమని ఇప్పటికీ సగం మందికి గుర్తుచేయాల్సి వస్తోంది.