మేళకర్తలు ఎక్కిన పియానో

కోట మండలంలో పియానోను చాలామంది సినిమాల్లోనే చూసి ఉంటారు. హార్మోనియం అలా కాదు, భజనల్లోనో పద్యనాటకాల్లోనో అందరూ విన్నదే. ఆ మెట్ల మీద ఒక్కసారైనా వేలు పెట్టినవాళ్లకి జాన్ ఫౌల్డ్స్ గురించి చెప్పాలి. 1880లో మాంచెస్టర్‌లో పుట్టిన ఈ స్వరకర్త 1920లలో ఒక్క పియానో కోసమే ‘ఎస్సేస్ ఇన్ ద మోడ్స్’ అనే రచనల వరస రాశాడు. బీథోవెన్, షోపాన్‌ల పేర్లు తెలిసినవాళ్లకి కూడా ఇవి పెద్దగా తెలియవు. మనకి మాత్రం చుట్టరికం ఉంది: వీటి పునాది కర్ణాటక సంగీతంలో ఏడేసి స్వరాల వరసలను లెక్కకట్టే మన మేళకర్త పద్ధతి.

ఈ విద్య ఆయనకి భార్య వైపు నుంచి వచ్చింది. ఆమె పేరు మాడ్ మెకార్తీ, ఐరిష్ వయొలినిస్టు. అనీ బిసెంట్ వెంట భారతదేశం వచ్చి, ఇక్కడి సంగీతం నేర్చుకుని వెళ్లింది.

మేళకర్తల లెక్క సులువే. స, ప కదలవు. మధ్యమం రెండు రకాలు. రి, గ జంట ఆరు విధాలు, ధ, ని జంట మరో ఆరు విధాలు. ఆరు ఆర్ల ముప్పై ఆరు, రెండు మధ్యమాలతో 72. ఇవన్నీ పన్నెండు స్వరస్థానాల్లోవే. పియానోలోనూ ఒక స్థాయికి పన్నెండు మెట్లే. మొదటి తెల్లమెట్టు (C) స అనుకుంటే శంకరాభరణానికి అన్నీ తెల్లమెట్లే. పిల్లలకి సరళీ వరసలు నేర్పే మాయామాళవగౌళకి రి, ధ మాత్రం నల్లమెట్ల మీదికి వెళతాయి.

పాశ్చాత్య స్వరకర్తలు అవసరమైనప్పుడు బయటి స్వరాన్ని తెచ్చుకుంటారు. ఫౌల్డ్స్ ఆ దారి మూసేసుకున్నాడు. ఒక రచనకి ఏడు స్వరాలు ఎంచుకున్నాక ఎనిమిదోది తాకకూడదు. మనకిది మామూలు నియమమే. కానీ మూడేసి స్వరాలు కలిపి కార్డ్‌లు పలికించే వాళ్లకి చేతులు కట్టేసినట్టే. ఉదాహరణకి కనకాంగిలో స మీద మామూలు మేజర్ కార్డూ కుదరదు, మైనరూ కుదరదు. ఆ ఇరుకులోంచే ఆయన కొత్త ధ్వని పుట్టించాడు. ఈ రచనల బలమంతా అక్కడే ఉందని నా అభిప్రాయం.

ఇవి రాగాలు మాత్రం కావు. పియానో మెట్టు నొక్కితే స్వరం ఉన్నచోటే మోగుతుంది, ఊగదు, అంటే గమకం పలకదు. గమకం లేని తోడి రాగం తోడి అవుతుందా? ఆ సంగతి ఆయనకీ తెలుసు; హార్మోనియం మెట్లదీ అదే కథ. 1930లలో మన దేశానికి వచ్చి ఢిల్లీ రేడియోలో పనిచేస్తూ, భారతీయ సంగీతానికి హార్మోనియం చేటు అని వ్యాసం రాసినవాడు ఈయనే! (1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని నిషేధించింది కూడా. మన హార్మోనిస్టులకి ఈయన మీద కోపం రావడం న్యాయమే.) ఆ నిషేధానికి ముందే, 1939లో, ఫౌల్డ్స్ కలకత్తాలో కలరాతో చనిపోయాడు.

క్యాథరిన్ స్టాట్, పీటర్ జేకబ్స్ ఈ పియానో రచనలను రికార్డు చేశారు. వినేటప్పుడు రాగం కోసం వెతకకండి. ఏ ఏడు స్వరాలు మోగుతున్నాయో పక్కన హార్మోనియం పెట్టుకుని పట్టుకోండి. ఆ తరువాత అది ఎన్నో మేళమో మీరే లెక్క కట్టవచ్చు.