గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా రానివ్వవద్దు
(వృద్ధుల కాలిగోళ్ల సంరక్షణ గురించి కుటుంబములకు కొన్ని మాటలు)



మన పల్లె సంఘాలలో పెద్దవారి ఆరోగ్యము మాట వచ్చినప్పుడు కళ్లు, మోకాళ్లు, బి.పి., షుగరు గురించి మాట్లాడుకొంటాము. కంటి ఆపరేషను అంటే హనుమాన్ జంక్షనులో బస్సెక్కి విజయవాడకు ఎన్నిసార్లయినా తిరుగుతాము. కాలిగోళ్ల సంగతి మాత్రము ఎవరూ ఎత్తరు. ఎత్తితే, "గోళ్లకు కూడా డాక్టరా అయ్యగారూ!" అని నవ్వుతారు.

మందిరములో చెప్పులు బయట విడిచి, అందరము చాపల మీద కూర్చొన్నప్పుడు పెద్దల పాదముల వైపు ఒక్కసారి చూడండి. బొటనవేలి గోరు పసుపుపచ్చగా మారి, మందమెక్కి, గవ్వవలె పైకి లేచి ఉంటుంది. కొందరిదైతే పొట్టేలు కొమ్మువలె వంగి పక్కవేలిని ఒరుసుకొంటూ ఉంటుంది. మనము చూస్తున్నామని తెలిస్తే మామ్మగారు చీర కుచ్చిళ్లు క్రిందికి లాగుకొంటారు, తాతగారు కాలు వెనుకకు తీసుకొంటారు. అలా దాచుకొనే పాదముల గురించే ఈ నెల కొంచెము మాట్లాడుకొందాము.

గోరు ఎందుకు మందమవుతుంది?

గోరు కెరాటిన్ అనే పదార్థముతో తయారవుతుంది. మన వెండ్రుకలు, పశువుల కొమ్ములు, గిట్టలు కూడా దానితో తయారయినవే. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరిగితే, కాలిగోరు అందులో సగమే, అనగా ఒకటిన్నర మిల్లీమీటరు పెరుగుతుంది. బొటనవేలి గోరు ఊడిపోతే పూర్తిగా తిరిగి రావడానికి 12 నుండి 18 నెలలు పడుతుంది. వయస్సు పెరిగేకొద్దీ ఈ పెరుగుదల ఇంకా నెమ్మదిస్తుంది. గోరు ముందుకు సాగడము తగ్గి, పొర మీద పొర చేరి మందమవుతుంది.

దీనికి తోడు జీవితకాలపు దెబ్బలు ఉన్నాయి. చిన్నప్పటి నుండి గట్ల మీద చెప్పులు లేకుండా నడిచి, బొటనవేలికి ఎన్ని ఎదురుదెబ్బలు తిన్నామో లెక్క లేదు. గోరు పుట్టే మొదలులో దెబ్బ తగిలితే, ఆ తరువాత వచ్చే గోరు వంకరగాను, మందముగాను రావచ్చును. బిగుతు బూట్లు కూడా రోజూ అదే పని చేస్తాయి. పాదాలకు రక్తప్రసరణ తగ్గినా గోరు చెడుతుంది. చుట్టలు, బీడీలు తాగేవారికి ఈ ప్రమాదము ఎక్కువ. సోరియాసిస్ అనే చర్మవ్యాధి కూడా గోళ్లను ఇలాగే మారుస్తుంది.

అన్నిటికంటె ఎక్కువగా కనిపించేది ఫంగస్, అనగా బూజు జాతి క్రిములు. దీనినే మనవారు పిప్పిగోరు అంటారు. గోరు అంచున పసుపుగానో తెల్లగానో మొదలై, క్రింద పొడి పొడిగా రాలుతూ లోపలికి పాకుతుంది. డెబ్బై దాటినవారిలో దాదాపు సగం మందికి ఇది ఉండవచ్చునని వైద్యులు అంచనా వేశారు.

మన నేల, మన నీరు

హనుమాన్ జంక్షనుకు ఒక ప్రక్క నూజివీడు వైపు మెట్ట, మామిడి తోటలు. మరొక ప్రక్క గుడివాడ వైపు కాలువ నీటి మాగాణి. మాగాణిలో సార్వా నాట్లు, కలుపు తీతలు, మరల దాళ్వా నాట్లు అంటూ మన తల్లులు, అక్కలు రోజుల తరబడి మోకాటి లోతు బురదలో నిలిచి పని చేశారు. చేపల చెరువుల మీద పనిచేసేవారి కాళ్లూ అంతే. నానిన వేళ్ల సందులు తెల్లబడి, ఒరిసి, మంట పెడతాయి. బూజు మొదట చేరేది అక్కడికే. అక్కడి నుండి గోటి క్రిందికి పోతుంది. ముప్పై యేండ్లు నాట్లు వేసిన తల్లి గోళ్లు అలా ఉన్నాయంటే, అది ఆమె అశుభ్రత కాదు. మన కంచములోని అన్నము కొరకు ఆమె నీళ్లలో నిలిచిన గుర్తు.

మనకు ఒక మంచి అలవాటు ఉన్నది. బయటి నుండి వస్తే వాకిట్లోనే చెంబుతో కాళ్లు కడుగుకొని లోపలికి వస్తాము. అయితే కడిగే అలవాటు ఉన్నంతగా తుడిచే అలవాటు మనకు లేదు. తడి కాళ్లతోనే తిరుగుతాము. వేళ్ల సందులు పొడిగుడ్డతో ఒత్తి తుడుచుకోవడము చాలా పిప్పిగోళ్లకు మొదటి మందు. ఇంకొక మాట. ఆషాఢములో పెట్టుకొనే గోరింటాకు గోటి రంగును కప్పివేస్తుంది. పెద్దవారి కాలిగోళ్లు ఒకటి రెండు వదిలిపెడితే, మార్పు వచ్చినప్పుడు కంటికి కనిపిస్తుంది.

షుగరు ఉన్న ఇంట మరింత జాగ్రత్త

2023లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము ప్రకారము మన దేశములో 10 కోట్ల మందికి పైగా మధుమేహము ఉన్నది. మన సంఘాలలో షుగరు లేని ఇల్లు అరుదైపోయినది. చాలా కాలముగా షుగరు ఉన్నవారికి పాదాలలో స్పర్శ తగ్గుతుంది, రక్తప్రసరణ తగ్గుతుంది. అప్పుడు మందమైన గోరు చెప్పు ఒత్తిడికి రాయివలె లోపలి మెత్తని చర్మమును నొక్కుతుంది. గోటి క్రింద పుండు పడుతుంది. నొప్పి తెలియదు గనుక ఆ మనిషి నడుస్తూనే ఉంటాడు. వాసన వచ్చినప్పుడో, చీమలు పట్టినప్పుడో ఇంట్లోవారు చూస్తారు. అప్పటికి విషయము వేలు తీయడము వరకు, కొన్నిసార్లు కాలు తీయడము వరకు వెళ్తుంది. గోటితో పోయేదానికి గొడ్డలి అని పెద్దలు ఊరికే అనలేదు.

నొప్పి లేకపోవడము ఎంత ప్రమాదమో లోకానికి నేర్పినవారిలో డాక్టర్ పాల్ బ్రాండ్ ముఖ్యులు. 1914లో తమిళనాడులోని కొల్లి కొండలలో మిషనరీ తల్లిదండ్రులకు జన్మించిన ఆయన, 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి కుష్ఠురోగులకు సేవ చేశారు. రోగుల వేళ్లు వాటంతట అవి కుళ్లి రాలిపోవడము లేదనీ, స్పర్శ పోయినందున తగిలే దెబ్బలు, కాలిన గాయములు తెలియక పాడవుతున్నాయనీ ఆయన చూపించారు. అక్కడి వైద్యులు మెత్తని మైక్రోసెల్యులార్ రబ్బరు అట్టలతో ప్రత్యేకమైన చెప్పులు చేయించారు. ఎం.సి.ఆర్. చెప్పులని వాటికి పేరు. నేడు షుగరు రోగులకు వైద్యులు వ్రాసి ఇచ్చేది ఆ చెప్పులనే. కుష్ఠురోగి పాదము నుండి నేర్చుకొన్న పాఠము మన ఇంటి తాతయ్య పాదాన్ని కాపాడుతున్నది.

షుగరు ఉన్నవారి పాదములను సంవత్సరానికి ఒక్కసారైనా డాక్టరుకు చూపించాలి. సన్నని నైలాను దారముతో అరికాలిని తాకి స్పర్శ ఉన్నదో లేదో నిమిషములో చెప్తారు. స్పర్శ పోయినదని తెలిస్తే మందమైన గోళ్లను ఇంట్లో కత్తిరించవద్దు, డాక్టరు గాని నర్సు గాని తీయాలి. కాళ్లను వేడినీళ్లలో నానబెట్టవద్దు. ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవనివ్వవద్దు.

గోళ్లు తీసే విధము

షుగరు లేని పెద్దవారికి, పాదాలలో స్పర్శ, రక్తప్రసరణ బాగా ఉన్నవారికి ఇంట్లోనే ఈ విధముగా చేయవచ్చును.

1. పగటి వెలుతురులో, ఎత్తైన కుర్చీలో కూర్చోబెట్టండి. తీసేవారు క్రింద పీట వేసుకొని కళ్లజోడు పెట్టుకొని కూర్చోవాలి.

2. గోరువెచ్చని నీటిలో పది నిమిషములు పాదములు ఉంచండి. నీటి వేడిని ముందుగా మీ మోచేతితో చూడండి. తరువాత వేళ్ల సందులతో సహా పొడిగా తుడవండి.

3. చిన్న నెయిల్ కట్టరు మందపు గోటికి పనికిరాదు, గోరు చీలుతుంది. పట్టకారు వంటి పెద్ద గోళ్ల కత్తెర మందుల షాపులలో దొరుకుతుంది. ముందు, తరువాత సబ్బుతో కడిగి స్పిరిటుతో తుడవండి. ఒకరి కత్తెర మరొకరికి వాడవద్దు.

4. ఒక్క నొక్కుతో తీయాలని చూడవద్దు. కొంచెము కొంచెముగా, అడ్డముగా, తిన్నగా కత్తిరించండి. మూలలు లోతుగా తవ్వితే గోరు కండలోనికి పెరిగి గోరుచుట్టు వస్తుంది.

5. మందము తగ్గించడానికి బ్లేడు వాడనే వద్దు. గోళ్ల ఆకురాయితో పైభాగమును ఒకే వైపుకు మెల్లగా అరగదీయండి. వారానికి కొంచెము చొప్పున చేస్తే చాలు.

6. చివరకు పాదానికి, గోరు చుట్టూ కొబ్బరినూనె వ్రాయండి. వేళ్ల సందులలో మాత్రము వ్రాయవద్దు.

మరీ గట్టి గోటికి 40 శాతము యూరియా ఉన్న క్రీము వైద్యులు ఇస్తారు. అది గోటిని మెత్తపరుస్తుంది. ఇది పొలములో చల్లే యూరియా అనుకొని ఎవరూ ప్రయోగము చేయకండి!

చెప్పులు కొనేటప్పుడు సాయంకాలము కొనండి. అప్పటికి పాదము కొంచెము ఉబ్బి ఉంటుంది గనుక సరియైన కొలత తెలుస్తుంది. వేళ్ల దగ్గర వెడల్పుగా, మడమకు పట్టీతో ఉన్నవి పెద్దవారికి మంచివి. పాత బూట్లను, చెప్పులను ఎండలో ఆరబెట్టండి.

మందులు, నమ్మకాలు

మందమైన గోరు ప్రతిదీ ఫంగస్ కాదు. గోటి పొడిని కొంచెము గీకి మైక్రోస్కోపు క్రింద చూస్తే తెలుస్తుంది. ఆ పరీక్ష లేకుండా నెలల తరబడి మందు మింగడము దండగ. ఫంగస్ అని తేలితే టెర్బినాఫిన్ వంటి మాత్రలు సుమారు మూడు నెలలు ఇస్తారు. కాలేయానికి ఇబ్బంది కలుగవచ్చును గనుక రక్తపరీక్ష చేసి ఇస్తారు. మాత్రలు ఆపిన తరువాత కూడా కొత్త గోరు పూర్తిగా రావడానికి సంవత్సరము దాటుతుంది. "మందు పనిచేయలేదు" అని మధ్యలో మానవద్దు. స్టెరాయిడ్ కలిపిన ట్యూబులు షాపులో అడిగి తెచ్చుకొని వ్రాయవద్దు. దురద తగ్గినట్లే ఉండి బూజు పెరుగుతుంది.

నల్లజీడి, జిల్లేడుపాలు, సున్నము బెల్లము వంటివి గోటికి పెట్టవద్దు. చర్మము కాలి పుండు పడుతుంది. స్పర్శ లేని కాలికైతే అది గోరుచుట్టు మీద రోకటిపోటే. గోరు చుట్టూ ఎర్రబడినా, చీము పట్టినా, వేలు నల్లబడినా, దెబ్బ తగలకుండానే ఒక గోటి క్రింద నల్లని చార వచ్చి పెరుగుతున్నా ఆలస్యము చేయకండి. విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రికి గాని, దగ్గరలోని చిన్న అవుటపల్లి వైద్య కళాశాల ఆసుపత్రికి గాని తీసుకొని వెళ్లండి.

కొందరు విశ్వాసులు ప్రార్థన చేసిన నూనె వ్రాస్తూ ఆసుపత్రికి వెళ్లడము మానుకొంటారు. ఆసా రాజు పాదములలో జబ్బు పుట్టినప్పుడు వైద్యులను ఆశ్రయించాడని దినవృత్తాంతముల గ్రంథములో ఉన్నది గదా అంటారు. ఆసా తప్పు వైద్యుని పిలవడము కాదు, దేవుని మరచిపోవడము. పౌలు సహవాసి లూకా వైద్యుడే గదా. ప్రార్థన చేయండి, ఆసుపత్రికీ వెళ్లండి.

మంగళవారము, శుక్రవారము గోళ్లు తీయరాదన్న పట్టింపు మన ఇండ్లలో ఇంకా కొన్ని చోట్ల ఉన్నది. గోటికి వారములు తెలియవు. రాత్రి తీయరాదన్న మాటలో మాత్రము కొంత మేలు ఉన్నది, మసక వెలుతురులో వేలు తెగుతుంది.

ఎవరు తీయాలి?

అసలు ప్రశ్న ఇదే. వంగలేని నడుము, మసకబారిన కళ్లు, వణికే చేతులు కలిగిన మనిషికి తన కాలిగోరు తనకు అందదు. వెనుకటి కాలములో ఊరి నాయీబ్రాహ్మణులు ఇంటింటికి వచ్చి, పొదిలోని చిన్న ఉలితో పెద్దల గోళ్లు కూడా తీసేవారు. కళ్లములో వారికి మేర కొలిచేవారు. ఆ పద్ధతి పోయినది. సెలూనులో జుట్టు మాత్రమే కత్తిరిస్తారు. ఆ పని ఇప్పుడు ఎవరిదీ కాకుండా పోయినది. భార్యాభర్తలలో ఒకరు ఉన్నంతవరకు రెండవవారికి తీసేవారు. ఒకరు పోయిన తరువాత మిగిలినవారి గోళ్లు పెరిగిపోతాయి. నోరు తెరిచి కొడుకునో కోడలినో అడగలేరు. "నా కాళ్లు నువ్వు పట్టుకోవడమేమిటి, వద్దులేమ్మా" అంటారు.

సమూయేలు రెండవ గ్రంథము 19వ అధ్యాయములో మెఫీబోషెతు ఉన్నాడు. రెండు కాళ్లు కుంటివాడు. దావీదు రాజు వెళ్లిపోయిన దినము మొదలుకొని తిరిగి వచ్చువరకు దుఃఖముతో తన పాదముల సంగతి చూసుకోలేదు. ప్రాచీన గ్రీకు అనువాదములోనైతే గోళ్లు తీసుకోలేదన్న మాట కూడా ఉన్నది. పట్టించుకోని గోళ్లు అతని దుఃఖానికి గుర్తు. మన ఇంటి పెద్దల గోళ్లు కూడా కొన్నిసార్లు అటువంటి మాటే చెప్తున్నాయి. నోటితో చెప్పలేని ఒంటరితనము అక్కడ పెరుగుతున్నది.

మంచి గురువారమున పాదములు కడిగే ఆరాధన జరిగే సంఘాలు ఉన్నాయి. ఆ దినము ముందుకు చాచే పాదములు చాలా వరకు ఇంటి వద్దనే కడుగుకొని వచ్చినవి. మన ప్రభువు పట్టుకొన్న పాదములు దారి దుమ్ముతో ఉన్నవి. కావున ఆయన మాదిరిని ఇంటికి తెచ్చుకొందాము. నెలకు ఒక శనివారము, పొద్దు ఉండగానే, అమ్మను గాని అత్తయ్యను గాని తాతయ్యను గాని కుర్చీలో కూర్చోబెట్టి, పీట వేసుకొని క్రింద కూర్చోండి. పిల్లలను కూడా ప్రక్కన కూర్చోబెట్టుకోండి, వారు చూచి నేర్చుకొంటారు. ఇంట్లో ఎవరూ లేని విధవరాండ్రు, ఒంటరి వృద్ధులు ఉన్నచోట స్త్రీల సమాజము వారు, యవనస్థులు ఇద్దరిద్దరుగా వెళ్లి ఈ పని చేయవచ్చును. షుగరు ఉన్నవారికైతే గోళ్లు ముట్టకుండా, పాదము పైన, క్రింద, వేళ్ల సందులలో చూచి, పుండు ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్లాలి.

"వద్దులేమ్మా" అని వారు కాలు వెనుకకు తీసుకొంటారు. ఆ మాట విని లేచి వెళ్లిపోకండి. మరల అడగండి.