తుప్పు పట్టని లోహానికి తెల్ల చీడ

మీ అమ్మగారు చింతపండు పులుసును సత్తు గిన్నెలో నిలవ ఉంచరు. ఆవకాయను జాడీలో పెడతారు తప్ప సత్తు గిన్నెలో పెట్టరు. ఎందుకని ఎప్పుడైనా అడిగారా? "గిన్నెకు చిల్లులు పడతాయిరా" అంటారు. సత్తు అంటే అల్యూమినియమే. అల్యూమినియం ఇనుములా తుప్పు పట్టదని మీరు పాఠంలో చదువుకున్నారు. మరి చిల్లులెందుకు పడాలి? ఈ ప్రశ్నకు జవాబును నేను బాపట్లలో ఒక పాత కారు ఇంజను దగ్గర చూశాను.

నాతో పనిచేసిన లెక్కల మాస్టారు ఒకరికి ప్రీమియర్ పద్మిని కారు ఉండేది. ఆయన పోయాక అది పెరట్లో రేకుల పాకలో పన్నెండేళ్లు కదలకుండా పడి ఉంది. ఈమధ్య వాళ్లబ్బాయి వచ్చి, "మాస్టారూ, నాన్నగారి కారు మళ్లీ నడుస్తుందేమో చూడండి. లేకపోతే పాత సామాను కింద ఇచ్చేస్తాం" అన్నాడు. ఒక ముసలి మెకానిక్కును వెంటబెట్టుకొని వెళ్లాను.

హెడ్డు అంటే ఏమిటి?

ఇంజనులో పెట్రోలు మండే సిలిండర్లకు పైన వేసే మూతే సిలిండర్ హెడ్. పద్మినిలో సిలిండర్లున్న దిమ్మ పోత ఇనుముతోనూ, హెడ్డు అల్యూమినియం మిశ్రమలోహంతోనూ చేశారు. ఇనుము సాంద్రతలో అల్యూమినియం సాంద్రత సుమారు మూడోవంతు. అందుచేత హెడ్డు తేలికవుతుంది. పైగా అల్యూమినియం మంచి ఉష్ణవాహకం. మంట ఉష్ణోగ్రత 2,000 డిగ్రీలు దాటుతుంది. అల్యూమినియం 660 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గరే కరుగుతుంది. అయినా హెడ్డు కరిగిపోదు. దానిలోని సన్నని దారుల గుండా నీరు ప్రవహిస్తూ వేడిని ఎప్పటికప్పుడు రేడియేటరుకు చేరవేస్తుంది.

మెకానిక్కు నట్లన్నీ విప్పినా హెడ్డు కదలలేదు. మరలల చుట్టూ తెల్లని పొడి బిగుసుకుపోయింది. అల్యూమినియం తిన్న చోట ఏర్పడే ఈ పొడి, పోయిన లోహం కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే మేకు కొట్టినట్లు పట్టేస్తుంది. ఆయన సుత్తి ఎత్తలేదు. మరలల మొదట్లో పల్చని నూనె పోసి, "రెండు రోజులాగి వస్తా" అని వెళ్లిపోయాడు. మళ్లీ వచ్చి నూనె పోశాడు. మొత్తం అయిదు రోజులకు హెడ్డు ఊడింది.

తిరగేసి చూస్తే నా గుండె జారింది. నీటి రంధ్రాల అంచులు చెదలు తిన్న చెక్కలా ఉన్నాయి. ఒకచోట ఆ తినివేత సిలిండరు అంచుకు రెండు మిల్లీమీటర్ల దూరానికి వచ్చింది. అది కూడా పోతే నీరు సిలిండరులోకి దిగుతుంది.

కవచం ఎలా చిరిగింది?

అల్యూమినియం నిజానికి చాలా చురుకైన లోహం. గాలి తగిలిన క్షణంలోనే దానిమీద అల్యూమినియం ఆక్సైడు పొర ఏర్పడుతుంది. ఆ పొర మందం మిల్లీమీటరులో లక్షోవంతు కూడా ఉండదు. అయినా లోహాన్ని అంటిపెట్టుకొని, లోపలికి గాలినీ నీటినీ పోనివ్వదు. ఇనుము తుప్పు పొరలు పొరలుగా రాలిపోతుంది. ఈ పొర రాలదు. అదీ తేడా.

ఈ కవచానికి ముగ్గురు శత్రువులు. మొదటివి ఆమ్లాలు, క్షారాలు. అల్యూమినియం ఆక్సైడు ద్విస్వభావం కలది కనుక రెండింటిలోనూ కరుగుతుంది. చింతపండు రహస్యం ఇదే. రెండవది ఉప్పు. ఉప్పులోని క్లోరైడు అయానులు పొరలో బలహీనమైన చోట చొరబడి చిన్న గుంట చేస్తాయి. గుంటలో ఆమ్లగుణం పెరుగుతుంది. దానితో గుంట ఇంకా లోతవుతుంది. మూడవది పక్కనున్న ఇనుము. రెండు వేరు వేరు లోహాలు ఒకదానికొకటి తగులుతూ, ఉప్పు కలిసిన నీటిలో ఉంటే అది విద్యుత్ ఘటమే కదా! అందులో అల్యూమినియం ఆనోడు అయి కరిగిపోతుంది. ఇనుము క్షేమంగా ఉంటుంది.

ఇంతకూ ఆ రేడియేటరులోకి ఉప్పునీరు ఎలా వచ్చింది? సూర్యలంక సముద్రం బాపట్లకు సుమారు 9 కిలోమీటర్లే. మా ప్రాంతంలో చాలా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఆ కారు చివరిసారి వేడెక్కి ఆగినప్పుడు బోరు కింద బకెట్టు పట్టి, నీళ్లు పోసినవాణ్ణి నేనే. పదో తరగతికి విద్యుత్ ఘటం పాఠం చెప్పే మాస్టారినే!

మరమ్మతు

మొదట శుభ్రం చేయాలి. మెకానిక్కు దగ్గర పనిచేసే కుర్రవాడు కాస్టిక్ సోడా నీళ్లు మరిగించబోయాడు. ఇనుప దిమ్మలకైతే అది మంచి ఉపాయం. "ఒరే, అది సత్తురా, కరిగిపోద్ది!" అని పెద్దాయన కేకేశాడు. నిజమే. కాస్టిక్ సోడా ఆక్సైడు పొరను కరిగించి, ఆ తరువాత లోహంతోనే చర్య జరిపి హైడ్రోజన్ వాయువును వెలువరిస్తుంది. అందుచేత కిరసనాయిలు, మెత్తని బ్రష్షు, ఓపిక, ఈ మూడే వాడాము.

తరువాత పరీక్ష. నీటి రంధ్రాలన్నీ మూసి, ఒక దానిగుండా గాలి ఎక్కించి, హెడ్డును వేడినీళ్ల తొట్టిలో ముంచారు. పంక్చరు షాపులో ట్యూబును ముంచినట్లే. ఒకేచోట బుడగలు వచ్చాయి. చిల్లు ఒక్కటే, పగుళ్లు లేవు. బతికించవచ్చు!

గుంటలను మెరిసే లోహం కనిపించేదాకా గీకి, అక్కడ కొత్త లోహం నింపాలి. ఇక్కడే చిక్కు ఉంది. లోహం 660 డిగ్రీలకు కరుగుతుంది గాని, పైనున్న ఆక్సైడు కరగాలంటే 2,000 డిగ్రీలు దాటాలి. అందుకే ఆర్గాన్ వెల్డింగు చేస్తారు. ఆర్గాన్ జడవాయువు కనుక గాలిని దగ్గరకు రానివ్వదు. ఏకాంతర విద్యుత్తు ఒక అర్ధ ఆవర్తనంలో ఆక్సైడు పొరను చెదరగొడుతుంది. రెండో దానిలో ప్రధానంగా లోహాన్ని కరిగిస్తుంది. హెడ్డును ముందే వేడిచేసి ఉంచుతారు. లేకపోతే ఒకచోటే వ్యాకోచించి పగులుతుంది.

వెల్డింగు చేసిన ముఖం ఎగుడుదిగుడుగా ఉంటుంది. దాన్ని యంత్రం మీద పలచగా చెక్కి చదును చేయాలి. ఎక్కువ చెక్కకూడదు. ఎందుకో లెక్క చూడండి. ఒక సిలిండరు 272 ఘన సెంటీమీటర్లు, పైన మండే గది 40 అనుకోండి. మొత్తం 312ని 40తో భాగిస్తే సంపీడన నిష్పత్తి 7.8. చెక్కడంవల్ల గది 38 అయితే నిష్పత్తి సుమారు 8.2 అవుతుంది. ఇంకా పెరిగితే పెట్రోలు వేళకాని వేళ అంటుకొని ఇంజను టకటకా కొట్టుకుంటుంది.

మరోసారి ముంచి చూశారు. ఒక్క బుడగ కూడా రాలేదు. కొత్త గాస్కెట్టు వేసి, నట్లను మధ్యనుంచి చివరలకు, కొంచెం కొంచెంగా బిగించారు. ఈసారి రేడియేటరులో స్వేదనజలమూ, తినివేతను అడ్డుకునే మందు కలిసిన కూలెంటూ పోశాము. ఆ మందు వాడేకొద్దీ తగ్గిపోతుంది కనుక గడువు ప్రకారం మార్చాలి.

నాలుగోసారి తిప్పగానే ఇంజను అందుకుంది. లెక్కల మాస్టారి భార్య వంటింట్లోంచి బయటికి వచ్చి, పాక దగ్గర కాసేపు నిలబడి విన్నారు. బోరు నీళ్ల సంగతి ఆమెకు కూడా చెప్పాను. "పోనీలెండి మాస్టారూ, బాగైందిగా" అన్నారు.

మీరూ చేసి చూడండి

ఒక స్టీలు పళ్లెంలోనూ, ఒక పింగాణీ పళ్లెంలోనూ ఉప్పు కలిపిన చింతపండు గుజ్జు కొద్దిగా ఉంచండి. రెండింటినీ అల్యూమినియం రేకు కాగితంతో మూయండి. రేకు గుజ్జుకూ, పళ్లెం అంచుకూ తగలాలి. రెండు రోజుల తరువాత రేకులు తీసి, కడిగి, వెలుగుకు ఎదురుగా పట్టి చూడండి. గుజ్జును మాత్రం పారవేయండి. ఏ రేకుకు ఎక్కువ చిల్లులు పడ్డాయి? ఎందుకు? మీ సైన్సు మాస్టారికి చెప్పండి.