టైరుకీ వయసుంటుంది!

2024 మే నెల. మార్కాపురంలో పొద్దున పదింటికే తారురోడ్డు సెగలు కక్కుతోంది. అమ్మానాన్నల్ని మహానందికి తీసుకెళ్దామని హైదరాబాద్ నుంచి రెండ్రోజులు సెలవు పెట్టి వచ్చాను. మా ఇంట్లో ఉన్నది 2014లో నాన్న కొన్న ఆల్టో 800. పదేళ్లలో అది తిరిగింది పట్టుమని ఇరవై వేల కిలోమీటర్లు కూడా లేదు. పెళ్లిళ్లకీ, ఆస్పత్రికీ తప్ప బయటికి తీయరు. మిగతా రోజులన్నీ ఇంటి ముందు వేపచెట్టు కిందే దాని కాపురం.

కంభం దాటి గిద్దలూరు వైపు వెళ్తున్నాం. వేగం డెబ్బై ఉంటుందేమో. వెనక నుంచి ‘ఢాం’ అని చప్పుడు. బండి ఎడమ పక్కకి ఊగింది. అమ్మ ‘శివా’ అని అరిచింది. నా కాలు బ్రేకు మీదికి పోబోయింది. అంతలో ఎప్పుడో ఒక లారీ డ్రైవరు చెప్పిన మాట గుర్తొచ్చింది. టైరు పేలితే బ్రేకు తొక్కకూడదు. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని, యాక్సిలరేటర్ మీంచి కాలు మెల్లగా తీసేస్తే బండే నెమ్మదిస్తుంది. అట్లాగే చేశాను. రోడ్డు తిన్నగా ఉంది, ఎదురుగా ఎవరూ లేరు. బతికిపోయాం. ఇంకో గంట ఆగి పేలి ఉంటే దిగువమెట్ట దాటి నల్లమల ఘాట్ మలుపుల్లో ఉండేవాళ్లం. ఆ మాట ఎవరం పైకి అనలేదు కానీ ముగ్గురికీ తెలుసు.

నాన్న కిందకి దిగి ఆ టైరు చుట్టూ తిరిగారు. “బటన్లు చూడరా, కొత్తదాని లెక్కే ఉండాయి. ఇదెట్టా పేలింది?” అన్నారు.

నాన్న అడిగింది న్యాయమైన ప్రశ్నే. జవాబు ఆ టైరు మీదే రాసి ఉంది. ఇన్నేళ్లూ మేమే చదవలేదు.

నాలుగంకెల జాతకం

ప్రతి టైరు పక్కగోడ మీద చిన్న కోడిగుడ్డు ఆకారపు గీత లోపల నాలుగంకెలు ఉంటాయి. మా టైరు మీద ‘1114’ అని ఉంది. అంటే 2014వ సంవత్సరం, 11వ వారంలో తయారైంది. స్టెప్నీ తీసి చూస్తే దాని మీదా అదే ‘1114’. నేల తాకని టైరు, డిక్కీలోనే పదేళ్లు ముసలిదైపోయింది! రోజూ కంప్యూటర్లో వెర్షన్లు, తేదీలు చూసుకుంటూ బతికేవాణ్ని. మా ఇంటి కారు టైరు తేదీ ఒక్కసారీ చూడలేదు.

రబ్బరు తిరిగినా, తిరగకపోయినా ముసలిదవుతుంది. గాలిలోని ఆక్సిజన్, ఎండలోని అతినీలలోహిత కిరణాలు, వేడి కలిసి దాన్ని పెళుసుగా మార్చేస్తాయి. రోజూ తిరిగే ట్యాక్సీకి టైరు ముందు అరిగిపోతుంది కాబట్టి మార్చేస్తారు. మనలాంటి వాళ్ల కార్లకి అరగదు. అదే మనల్ని మోసం చేసేది. పక్కగోడ మీద, బటన్ల సందుల్లో సన్నటి పగుళ్లు కనిపిస్తుంటే టైరు ఎండిపోతోందని అర్థం. ఐదేళ్లు దాటాక ఏడాదికోసారి తెలిసినవాళ్లకి చూపించాలని, పదేళ్లు నిండితే పైకి బాగున్నా, స్టెప్నీ అయినా సరే తీసెయ్యాలని చాలా కంపెనీలు చెబుతాయి. మన పశ్చిమ ప్రకాశంలో మే నెల ఎండ 44, 45 డిగ్రీలకి పోతుంది. ఇక్కడ పదేళ్లదాకా ఆగకపోవడమే మంచిది.

వేసవిలో గాలి తగ్గించాలా?

పంచర్ షాపుల దగ్గర చాలామంది చెప్పే మాట ఒకటుంది. ‘ఎండలకి గాలి వ్యాకోచిస్తుంది, రెండు పాయింట్లు తక్కువ కొట్టించు’ అని. మేమూ అదే నమ్మాం. నిజానికి జరిగేది దీనికి రివర్సు. గాలి తక్కువైతే టైరు తిరిగిన ప్రతిసారీ పక్కగోడ ఎక్కువ వంగుతుంది. ఒక తీగని అటూ ఇటూ వంచుతుంటే వేడెక్కినట్టే అదీ వేడెక్కుతుంది. ఆ వేడికి లోపలి పొరలు వదులై టైరు పేలుతుంది. డ్రైవరు డోరు దగ్గర అంటించిన స్టిక్కర్ మీద ఎన్ని పాయింట్లని రాసుంటే అన్నీ ఉండాలి. అదీ పొద్దున్నే, బండి తిరగకముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. కదలకుండా ఉన్న బండికీ నెలకి ఒకటి రెండు పాయింట్లు తగ్గుతాయి. మా ఆల్టో నెలల తరబడి అట్లాగే నిలబడింది. పాత టైరు, తక్కువ గాలి, మే ఎండ, నిండా జనం, సామాను. ఇక పేలక ఏమవుతుంది?

మిషిగన్‌లో మంచు, మనకి ఎండ

ఈ కథ మా గిద్దలూరు ఫ్రెండుకి ఫోన్‌లో చెప్పాను. వాడు అమెరికాలో మిషిగన్‌లో ఉంటాడు. చదువుకునేటప్పుడు కొన్న పాత కరోలానే ఇంకా నడుపుతున్నాడు. వాడిది ఇంకో బాధ. చలి 7 డిగ్రీల కంటే తగ్గితే మామూలు టైరు రబ్బరు గట్టిపడిపోయి పట్టు వదిలేస్తుంది. అందుకని అక్కడ చలికాలానికి విడిగా టైర్లు దొరుకుతాయి. చలిలోనూ మెత్తగా ఉండే రబ్బరు, మంచుని పట్టుకునే సన్నటి కోతలు, పక్కగోడ మీద కొండబొమ్మలో మంచుపువ్వు గుర్తు ఉంటాయి. కెనడాలోని క్యూబెక్‌లో అయితే డిసెంబరు 1 నుంచి మార్చి 15 దాకా ఈ టైర్లు చట్టప్రకారం తప్పనిసరి. “బండి పాతదైనా ఫరవాలేదు మామా, టైర్లు పాతవి కాకూడదు. అదీ రెండు కాదు, నాలుగూ మార్చాలి” అన్నాడు. మంచుకీ ఎండకీ పొత్తు లేదు కానీ ఈ మాట రెండుచోట్లా చెల్లుతుంది. రోడ్డుని తాకేది మొత్తం కారులో నాలుగు అరచేతులంత రబ్బరే.

కొనేముందు చూడాల్సినవి

స్టెప్నీతో నలభై వేగం దాటకుండా గిద్దలూరు చేరాం. షాపులో మొదట చూపించిన టైరు కాస్త చవకే. అంకెలు చూస్తే మూడేళ్ల కిందటిది. “కొత్తదే సార్, వాడలేదు” అన్నాడు. వాడకపోయినా వయసు ఆగదని అప్పటికే తెలిసొచ్చింది కదా! ఆరునెలల లోపు తేదీ ఉన్నవి అడిగి తీసుకున్నాం.

సైజు కూడా చదవడం నేర్చుకున్నాను. మాది 145/80 R12 74T. 145 మిల్లీమీటర్ల వెడల్పు, అందులో 80 శాతం పక్కగోడ ఎత్తు, R అంటే రేడియల్, 12 అంగుళాల రిమ్ము. 74 అంటే ఒక్కో టైరు 375 కిలోలు మోయగలదు. T అంటే గంటకి 190 కిలోమీటర్ల వేగం దాకా తట్టుకుంటుంది. కంపెనీ చెప్పిన సైజు, బరువు అంకె తగ్గకూడదు. సెకండ్ హ్యాండ్ టైర్ల జోలికి పోకపోవడమే మేలు. లోపలి పొరలకి ఏమైందో పైనుంచి కనపడదు.

రెండే మార్చగలిగితే కొత్తవి వెనక్కి వేయించాలి. ఇంజను ముందుంది కదా, కొత్తవి ముందుకే అనుకుంటాం. కానీ వానలో ముందు చక్రాలు జారితే వేగం తగ్గించి సర్దుకోవచ్చు. వెనకవి జారితే బండి గిర్రున తిరిగిపోతుంది. నాన్న రెండు చాలన్నారు. మిగతావి కూడా ‘1114’వే అని చూపించాను. ఏం మాట్లాడకుండా పర్సు తీశారు. స్టెప్నీతో కలిపి ఐదు కొన్నాం.

ఘాట్‌లో పాత కారు

మా ఆల్టోకి ఏబీఎస్ లేదు. తడిరోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కితే చక్రాలు బిగుసుకుపోయి స్టీరింగ్ మాట వినదు. తొక్కుతూ, వదులుతూ ఆపుకోవాలి. అసలు ముందు బండికి దూరంగా ఉంటే ఆ అవసరమే రాదు. తొలకరి మొదటి వాన ఇంకా ప్రమాదం. వేసవంతా రోడ్డు మీద పేరుకున్న దుమ్ము, ఆయిలు నీళ్లతో కలిసి సబ్బులా జారుతుంది.

గిద్దలూరు-నంద్యాల ఘాట్ అయినా, దోర్నాల-శ్రీశైలం ఘాట్ అయినా దిగేటప్పుడు పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదలొద్దు. పాత డ్రైవర్లు చెప్పే లెక్క సులువు. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. లేకపోతే భారమంతా బ్రేకుల మీదే పడి, అవి కాలిపోయి పట్టు వదిలేస్తాయి. బటన్ల మధ్య గాడిలో చిన్న గట్లు ఉంటాయి. వాటి ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. రబ్బరు వాటి మట్టానికి అరిగితే ఆ టైరుతో ఘాట్ ఎక్కొద్దు.

ఆ రోజు మహానందికి వెళ్లలేదు. మధ్యాహ్నానికే ఇంటికి వచ్చేశాం. కార్తీకంలో వెళ్లి, కోనేట్లో మునిగి వచ్చాం. ఇప్పుడు నెలకోసారి పొద్దున్నే గాలి చూపించే డ్యూటీ నాన్నదే. మొన్న ఫోన్ చేసి నా క్షేమం అడగకముందే చెప్పారు: “ఎదురింటాయన కారు టైర్లు చూశా. 2015వి. పిల్లోళ్లని తీసుకుని శ్రీశైలం పోతాడంట. ఆపేసినా.”