మీకు తెలుసా? హోటల్ పనికే కాదు, హోటల్ చదువుకూ విదేశం వెళ్లొచ్చు!

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఏ ఊరికి వెళ్లినా దుబాయ్‌లోనో దోహాలోనో పనిచేసి వచ్చినవాళ్లు కనిపిస్తారు. 1970ల నుంచి ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పల్లెలు గల్ఫ్‌కు మనుషులను పంపుతూనే ఉన్నాయి. హోటళ్లలో గిన్నెలు తోమినవాళ్లు, గదులు శుభ్రం చేసినవాళ్లు వాళ్లలో ఎందరో. అదే హోటల్‌ను నడిపించడం నేర్పే చదువు ఒకటుంది. వాళ్ల పిల్లలు ఆ చదువుకు విదేశం వెళ్లాలనుకుంటే, ఫీజు కట్టకముందే తెలుసుకోవాల్సిన సంగతులివి.

తొలి బడి హోటల్ గదుల్లోనే

ప్రపంచంలో మొట్టమొదటి హోటల్ స్కూల్ 1893లో స్విట్జర్లాండ్‌లోని లోజాన్ నగరంలో మొదలైంది. జాక్ చూమి అనే హోటల్ నిపుణుడు దాన్ని స్థాపించారు. తొలి తరగతులు ఒక హోటల్‌లోనే జరిగాయి. అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీ 1922లో ఈ చదువు ప్రారంభించింది. మన దేశంలో తొలి హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ 1954లో ముంబయిలో వచ్చింది.

పదమూడో బిడ్డ

విలాసానికి మారుపేరైన ‘రిట్జ్’ హోటల్ వెనకున్న సీజర్ రిట్జ్ స్విట్జర్లాండ్‌లోని ఓ కొండపల్లెలో రైతు కుటుంబంలో 1850లో పుట్టారు. ఆ ఇంట్లో ఆయన పదమూడో సంతానం. పదిహేనేళ్ల వయసుకే ఓ హోటల్లో పనికి కుదిరితే, ఈ రంగానికి నువ్వు పనికిరావని యజమాని పంపేశాడని చెబుతారు. ఆ కుర్రాడే 1898లో పారిస్‌లో రిట్జ్ హోటల్ తెరిచారు. ఈ రంగంలో అడుగు నుంచి మొదలుపెట్టడం ఎన్నడూ చిన్నతనం కాదు.

కాలేజీకి సొంత హోటల్

హాంకాంగ్ పాలిటెక్నిక్ యూనివర్సిటీకి 262 గదుల సొంత హోటల్ ఉంది. పేరు హోటల్ ఐకాన్, 2011లో తెరిచారు. అతిథులు నిజంగా దిగే ఆ హోటలే విద్యార్థులకు పాఠశాల. స్విస్ స్కూళ్లలోనైతే చదువు మధ్యలో నెలల తరబడి ఇంటర్న్‌షిప్ చేయాలి. ఎంత పెద్ద సంస్థలో చేరినా ఫుడ్ ప్రొడక్షన్, సర్వీస్, ఫ్రంట్ ఆఫీస్, హౌస్‌కీపింగ్ అనే నాలుగు విభాగాలూ చేత్తో పని చేసి నేర్చుకోవాల్సిందే. పడక సర్దడం, ఉల్లిగడ్డ తరగడం చదువులో భాగమే. కోర్సు ఎంచుకునేటప్పుడు ‘ఇంటర్న్‌షిప్ ఎన్ని నెలలు? కాలేజీయే చూపిస్తుందా, మేమే వెతుక్కోవాలా? జీతం ఇస్తారా?’ అనే మూడు ప్రశ్నలు తప్పక అడగాలి.

దుబాయ్‌లోనూ చదువుంది

మనవాళ్లు కూలికి వెళ్లే దుబాయ్‌లోనే ఎమిరేట్స్ అకాడమీ ఆఫ్ హాస్పిటాలిటీ మేనేజ్‌మెంట్ ఉంది. బుర్జ్ అల్ అరబ్ హోటల్‌ను నడిపే జుమేరా గ్రూపు 2001లో దీన్ని ప్రారంభించింది. లోజాన్ స్కూలుతో విద్యాపరమైన అనుబంధం పెట్టుకుంది. తండ్రి పనిచేసిన ఊళ్లోనే బిడ్డ మేనేజర్ చదువు చదవడం కలేమీ కాదు.

పదో తరగతి విలువ

పదో తరగతి పాసవని వాళ్లకు సాధారణంగా ఈసీఆర్ పాస్‌పోర్టు ఇస్తారు. దానితో గల్ఫ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద ముందుగా అనుమతి తీసుకోవాలి. పదో తరగతి సర్టిఫికెట్ ఉంటే ఆ అనుమతి అక్కర్లేదు. ఇంటర్ ఏ గ్రూపుతో చదివినా హోటల్ మేనేజ్‌మెంట్‌లో చేరవచ్చు. ఎంపీసీ, బైపీసీయే ఉండాలన్న నియమం లేదు.

చదువయ్యాక ఎన్నాళ్లు ఉండొచ్చు?

అందరూ వదిలేసే ప్రశ్న ఇదే. అమెరికాలో డిగ్రీ పూర్తయ్యాక ఓపీటీ కింద 12 నెలలు పని చేయొచ్చు. కంప్యూటర్ సైన్స్‌లాంటి స్టెమ్ కోర్సులకు మరో 24 నెలలు కలుస్తాయి. హోటల్ మేనేజ్‌మెంట్ సాధారణంగా స్టెమ్ కిందికి రాదు. కాబట్టి ఎమ్మెస్ చదివే పక్కింటి అబ్బాయికి మూడేళ్లు వచ్చాయని మనకూ వస్తాయనుకోవద్దు. కెనడాలో 2024 నవంబరు నుంచి, కాలేజీ డిప్లొమాల్లో ప్రభుత్వ జాబితాలో ఉన్న కోర్సులకే చదువు తర్వాత వర్క్ పర్మిట్ దక్కుతోంది. ఆ మార్పుతో హాస్పిటాలిటీ, టూరిజం డిప్లొమాలు నష్టపోయాయి. యూనివర్సిటీ డిగ్రీలకు ఆ కోర్సుల నిబంధన లేదు. డిప్లొమాకూ డిగ్రీకీ ఇంత తేడా ఉంటే, తెలియకుండా డబ్బు కట్టడం ఎంత నష్టమో ఆలోచించండి.

పార్ట్‌టైమ్‌తో ఫీజు తీరదు

తరగతులు నడిచే రోజుల్లో బ్రిటన్‌లో డిగ్రీ విద్యార్థి వారానికి 20 గంటలు, కెనడాలో క్యాంపస్ బయట 24 గంటలు, ఆస్ట్రేలియాలో రెండు వారాలకు 48 గంటలు మించి పని చేయరాదు. అమెరికాలో మొదటి ఏడాది క్యాంపస్ బయట పనికి వెళ్లకూడదు. ఆ సంపాదన తిండికీ బస్సుకూ సాయపడుతుంది. దాన్ని నమ్ముకుని పొలం కుదువపెట్టి అప్పు చేయడం మాత్రం వద్దు. మొత్తం ఫీజు, బతుకు ఖర్చు, అప్పు వడ్డీ ఒక కాగితం మీద వేసుకుని ఇంట్లో అందరూ కలిసి చూడాలి.

అడిగి తెలుసుకోవడం మనకు కొత్త కాదు

కంపెనీ వీసానా, ఆజాద్ వీసానా అని ఏజెంటును నిలదీసే ఊళ్లు మనవి. కాలేజీ విషయంలోనూ అంతే గట్టిగా అడగాలి. 2011లో కాలిఫోర్నియాలోని ట్రైవ్యాలీ యూనివర్సిటీ మూతపడితే తెలుగు విద్యార్థులెందరో రోడ్డున పడ్డారు. కొందరి కాళ్లకు రేడియో పట్టీలు బిగించారు. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ పేరుతో అమెరికా అధికారులే నడిపిన నకిలీ సంస్థ కేసులో వందమందికి పైగా విద్యార్థులు అరెస్టయ్యారు. వారిలో చాలామంది తెలుగువాళ్లు. ఆస్ట్రేలియా కోర్సుకు క్రికోస్ కోడ్ ఉందా, కెనడా కాలేజీకి డీఎల్ఐ నంబరు ఉందా, బ్రిటన్ యూనివర్సిటీ స్పాన్సర్ల జాబితాలో ఉందా అన్నది ఆయా ప్రభుత్వాల వెబ్‌సైట్లలో ఉచితంగా చూసుకోవచ్చు.

సర్కారు సాయం

తెలంగాణ ప్రభుత్వం విదేశాల్లో పీజీ చదివే ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ పేరిట, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరిట విద్యానిధి పథకాలు నడుపుతోంది. మైనారిటీలకూ ఇలాంటి పథకం ఉంది. ఎంపికైతే రూ.20 లక్షల వరకు సాయం అందుతుంది. మేనేజ్‌మెంట్ చదువులూ అర్హత పరిధిలో ఉన్నాయి. అయితే ఇవి డిగ్రీ తర్వాతి చదువుకే. ఇంటర్ కాగానే డిప్లొమాకు వెళ్లేవారికి వర్తించవు. ఆదాయ పరిమితి, దేశాల జాబితా నోటిఫికేషన్‌లో చూసుకోవాలి. దరఖాస్తు ఈ-పాస్ వెబ్‌సైట్‌లో.

ముందు ఇక్కడ, తర్వాత అక్కడ

ఈ సాయం అందుకోవడానికి తగ్గ దారి హైదరాబాద్‌లోనే ఉంది. ఎన్‌సీహెచ్‌ఎం జేఈఈ ప్రవేశ పరీక్ష రాస్తే విద్యానగర్‌లోని ఐహెచ్ఎం సహా దేశంలోని చాలా ప్రభుత్వ హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థల్లో సీటు కోసం పోటీ పడొచ్చు. గచ్చిబౌలిలో 2004లో ఏర్పడిన నిథమ్‌లో టూరిజం కోర్సులూ ఉన్నాయి. ఇక్కడ డిగ్రీ చేసి, కొన్నాళ్లు ఉద్యోగం చేసి, అప్పుడు పీజీకి విదేశం వెళ్తే ఖర్చు తగ్గుతుంది. పనంటే ఏమిటో ముందే తెలుస్తుంది. విద్యానిధికి దరఖాస్తు చేసే వీలూ ఉంటుంది.

నేర్చుకున్నది వాడే చోటు మన దగ్గరే ఉంది

కుంటాల జలపాతం, 2012లో టైగర్ రిజర్వ్‌గా ప్రకటించిన కవ్వాల్ అడవి, ఎల్గందుల కోట, బాసర, వేములవాడ, జీఐ గుర్తింపు పొందిన కరీంనగర్ వెండి ఫిలిగ్రీ, ఆదిలాబాద్ డోక్రా ఇవన్నీ మన సంపద. ఒక చోటు ఎంతమంది సందర్శకులను తట్టుకోగలదో లెక్కగట్టడం టూరిజం చదువులో ముఖ్యమైన పాఠం. ఇంద్రవెల్లి మండలం కేస్లాపూర్‌లో పుష్య అమావాస్యకు నాగోబా జాతర జరుగుతుంది. గోండుల్లోని మెస్రం వంశస్థులు హస్తిన మడుగు దాకా నడిచి వెళ్లి గోదావరి జలం తెస్తారు. అక్కడ కెమెరా ఎక్కడ ఆగాలో, లాభంలో వాటా ఎవరికి చేరాలో, గోండుల మాట విని నిర్ణయించగల మేనేజర్లు ఈ నేల నుంచే రావాలి.

ఇంటర్ పూర్తి చేస్తున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! హోటల్ చదువు గౌరవమైన చదువు. కోర్సు పేరు చూసి, దేశం పేరు చూసి మోజుపడకండి. వీసా నిబంధనలు ఏటా మారుతుంటాయి కాబట్టి సంతకం పెట్టే ముందు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో మీరే స్వయంగా చదవండి. మీ ఊళ్లో గల్ఫ్ హోటల్లో పనిచేసి వచ్చిన పెద్దమనిషి దగ్గర ఒక సాయంత్రం కూర్చోండి. ఈ రంగం గురించి ఏ కన్సల్టెన్సీ చెప్పని నిజాలు ఆయన చెబుతారు.